ఓటీపీనా, సెక్యూరిటీ కీనా?

ఉద్యోగి పాస్‌వర్డ్ ఎప్పుడో ఒకప్పుడు దొంగ చేతిలో పడుతుందనే అనుకుని ప్లాన్ వేసుకోవాలి. ఆ తర్వాత ఏది అడ్డం పడుతుందన్నదే అసలు విషయం.

ఓటీపీ అందరికీ అలవాటే, ఖర్చూ తక్కువ. ఏమీ లేకపోవడం కన్నా ఎంతో నయం. 2021లో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధన కంపెనీ నెట్‌వర్క్‌లోకి దొంగలు వచ్చింది పాస్‌వర్డ్ తప్ప రెండో అంచె లేని పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) ఖాతా ద్వారానే. కానీ ఆ ఆరు అంకెలను మనిషి చూసి టైప్ చేయాలి. ముందున్నది నకిలీ పేజీ అయితే, దొంగ ఆ నిమిషంలోనే వాటిని అసలు సైట్‌లో కొట్టేస్తాడు.

యూఎస్‌బీలో పెట్టి వేలితో తాకే సెక్యూరిటీ కీ అలా మోసపోదు. సైట్ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా జవాబివ్వదు. 2022లో ట్విలియో, క్లౌడ్‌ఫ్లేర్ అనే టెక్ కంపెనీల ఉద్యోగులకు ఒకే తరహా నకిలీ మెసేజ్‌లు వచ్చాయి. ట్విలియోలోకి దొంగలు చొరబడ్డారు. క్లౌడ్‌ఫ్లేర్‌లో ముగ్గురు పాస్‌వర్డ్ ఇచ్చేశారు కూడా, అయినా చేతిలో కీ లేక దొంగలు గుమ్మం దాటలేకపోయారు.

కీ పోతే టెన్షనే, అందుకే మనిషికి రెండు ఇవ్వాలి. బడ్జెట్ చాలకపోతే ముందు అడ్మిన్లకు, అకౌంట్స్ వాళ్లకు ఇవ్వండి. ఎవరో హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి "కీ పోయింది, ఓటీపీ పంపండి" అనగానే తలుపు తీసే పద్ధతి మాత్రం దయచేసి ఉంచకండి.