పజిల్ దగ్గర ఇరుక్కుపోయినా వదలబుద్ధి కాని గేమ్: మషినారియం

అడ్వెంచర్ గేమ్ అంటే వస్తువులు వెతుక్కుంటూ, పజిల్స్ విప్పుకుంటూ కథలో ముందుకు వెళ్లే ఆట. అది ఏదైనా నేను ముందు చూసేది ఒకటే. పజిల్ దగ్గర మనం ఇరుక్కుపోయినప్పుడు ఆ గేమ్ మనల్ని ఎలా చూసుకుంటుంది? బొమ్మలు, కథ, సంగీతం ఆ తర్వాతే. ఇరుక్కుపోవడం ఈ గేమ్‌లలో తప్పదు. గంటసేపు ఒకే గదిలో తిరిగి, అన్నీ నొక్కి చూసి, ఏమీ జరగక కూర్చునే ఆ సమయాన్ని మర్యాదగా నడిపించే గేమ్‌లు తక్కువ. మషినారియం వాటిలో ఒకటని నా గట్టి నమ్మకం. లోపాలు లేవని కాదు, వాటి సంగతీ చెబుతాను.

చెక్ రిపబ్లిక్‌లోని అమనీత డిజైన్ అనే చిన్న సంస్థ 2009లో దీన్ని కంప్యూటర్ల కోసం తెచ్చింది. తర్వాత ఫోన్లకు, ట్యాబ్‌లకు కూడా వచ్చింది. నేను ఆడింది ట్యాబ్‌లో. హీరో జోసెఫ్ అనే బక్కపలచని రోబో. ఊరి బయట తుక్కు కుప్పలో ముక్కలుగా పడి ఉంటాడు. వాడిని మనమే కూర్చి లేపి, ఊళ్లోకి పంపాలి. లోపల ఒక రౌడీ ముఠా, వాళ్ల చేతిలో బందీ అయిన వాడి స్నేహితురాలు బెర్తా, ఆకాశాన్నంటే ఒక టవర్, దాన్ని పేల్చడానికి పెట్టిన బాంబు. కథ అంతే. కానీ తుప్పు పట్టిన పైపులు, సొట్టలు పడిన రేకులు, అతుకులేసిన గోడలు, ప్రతిదీ చేత్తో గీసిన బొమ్మ.

మాది విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు. లారీల బాడీ బిల్డింగ్ షెడ్లు, పాత ఇనుము కొట్ల మధ్య పెరిగినవాడికి జోసెఫ్ ఊరు పరాయి ఊరులా అనిపించదు. పక్కనే తెనాలిలో శిల్పులు పాత నట్లు, బేరింగులు, గేర్లతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు కదా, వాటిని చూసినవాళ్లకు ఈ రోబోల ముఖాలు ఇంకా దగ్గరగా తోస్తాయి. మా షెడ్డులో పనిచేసే మేస్త్రి బాబాయ్ ఒకసారి ట్యాబ్‌లోకి తొంగిచూసి, "ఈ బొమ్మ గీసినాయన ఎక్కడో వెల్డింగ్ దగ్గర కూర్చుని చూసినోడే బాబూ" అన్నాడు. అప్పటినుంచి ఈ గేమ్ మేమిద్దరం కలిసే ఆడాం.

అలా ఆడగలగడానికి కారణం ఈ గేమ్‌లో మాటలు లేకపోవడం. ఎవరికి ఏం కావాలో తలమీద బుడగలో బొమ్మగా కనిపిస్తుంది. బాబాయ్‌కి ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతాడు. మామూలు అడ్వెంచర్ గేమ్ అయితే పక్కన కూర్చుని నేను ప్రతి లైనూ చెప్పాల్సి వచ్చేది. ఇక్కడ నాకు కనిపించేదే ఆయనకూ కనిపిస్తుంది. సమానంగా ఆలోచించాం, సమానంగా ఇరుక్కున్నాం.

మొదట్లోనే వచ్చే పజిల్ చెబుతాను, ఇది తెలిసినందువల్ల ఆట పాడవదు. ఊళ్లోకి వెళ్లే వంతెన దగ్గర కాపలావాడు ఉంటాడు. లోపలికి పోవాలంటే జోసెఫ్ పోలీసు రోబోలా కనిపించాలి. రోడ్డు మీద పెట్టే కోన్ ఒకటి, నీలం రంగు, ఒక బల్బు సంపాదిస్తే టోపీ తయారు. మూడూ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. దేన్ని ఎందుకు వాడామో వాడిన తర్వాతైనా మనకు అర్థమవుతుంది. నా దృష్టిలో న్యాయమైన పజిల్ అంటే ఇదే: జవాబు తెలిశాక "అవును కదా" అనిపించాలి.

అనిపించని వాటికి పాత గేమ్‌లలో కొదవ లేదు. 1999 నాటి గాబ్రియల్ నైట్ 3లో హీరోకి మోటార్‌సైకిల్ అద్దెకు కావాలి. అందుకోసం స్నేహితుడిలా వేషం వేయాలి. పిల్లి వెంట్రుకలు టేపుకి అంటించి, సిరప్‌తో మీసం చేసుకోవాలి. ఆ స్నేహితుడికేమో అసలు మీసమే లేదు, అందుకని అతని పాస్‌పోర్టు ఫొటో మీద కూడా మీసం గీయాలి! ఇది ఎవరికైనా సొంతంగా తడుతుందా? 1990లో వచ్చిన కింగ్స్ క్వెస్ట్ 5 ఇంకా దారుణం. పిల్లి తరుముతున్న ఎలుకను కాపాడకుండా ముందుకు వెళ్లిపోతే, చాలాసేపటి తర్వాత మనల్ని తాళ్లతో కట్టిపడేసినప్పుడు ఆ తాళ్లు కొరకడానికి ఎలుక రాదు. ఆట అక్కడితో సరి. కాపాడాల్సిందని మాత్రం ఎవరూ చెప్పరు. ఆడేవాళ్ల సమయానికి విలువ ఇవ్వకపోవడమే ఇది. మషినారియంలో ఇలాంటి మోసం నాకు ఎక్కడా తగల్లేదు.

ఇక అసలు విషయం, హింట్లు, అంటే ఇరుక్కున్నప్పుడు గేమ్ ఇచ్చే సూచనలు. పైన మూలన రెండు గుర్తులుంటాయి. ఒకటి బల్బు. దాన్ని నొక్కితే ఆ సీనులో చివరికి ఏం సాధించాలో జోసెఫ్ తలమీద బుడగలో చూపిస్తాడు. దారి చెప్పడు, గమ్యం చెబుతాడు. రెండోది తాళం వేసిన పుస్తకం. అందులో ఆ సీను పరిష్కారం మొత్తం బొమ్మల కథలా గీసి ఉంటుంది. అయితే తెరవాలంటే ముందు ఒక చిన్న ఆట ఆడాలి: తాళంచెవిని నడుపుకుంటూ, ఎదురొచ్చే సాలీళ్లను కాల్చుకుంటూ, చివరన ఉన్న తాళం రంధ్రం దాకా తీసుకెళ్లాలి. కావాలనే విసుగ్గా చేశారు. పుస్తకం వైపు చెయ్యి వెళ్లిన ప్రతిసారీ "ఆగు బాబూ, ఇంకొక్కసారి చూద్దాం" అనేవాడు బాబాయ్. చాలాసార్లు ఆ ఇంకొక్కసారిలోనే దొరికేది. యూట్యూబ్‌లో వెతికితే రెండు నిమిషాల్లో జవాబు వచ్చేస్తుంది గానీ, దాంతోపాటు తర్వాతి నాలుగు సీన్లు కూడా కళ్లబడతాయి.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. మనం ఏమీ తోచక చేతులు కట్టుకుని కూర్చుంటే జోసెఫ్ కూడా నిలబడి పాత జ్ఞాపకాలు తలుచుకుంటాడు. బెర్తాతో గడిపిన రోజులు బుడగలో చిన్న బొమ్మలుగా కదులుతాయి. కథలో కొంత భాగం ఇలా ఇరుక్కుపోయినవాళ్లకే కనిపిస్తుంది. ఆ సమయంలో వెనక వచ్చే, ఫ్లోయెక్స్ అనే సంగీతకారుడు కట్టిన సంగీతం ఎంత సేపు విన్నా తల నొప్పి పుట్టించదు.

లోపాల దగ్గరికి వద్దాం. పుస్తకం తెరిస్తే ఆ సీను జవాబంతా ఒకేసారి కనిపిస్తుంది. మనకు కావాల్సింది ఒక్క అడుగే కదా! రకరకాల గేమ్‌లకు హింట్లు ఇచ్చే, 1988లో మొదలైన యూనివర్సల్ హింట్ సిస్టమ్ ఒక్కో హింటునూ మనం అడిగితేనే విప్పుతుంది, ముందు చూచాయగా, తర్వాత కాస్త స్పష్టంగా. 2022లో వచ్చిన రిటర్న్ టు మంకీ ఐలాండ్ అనే అడ్వెంచర్ గేమ్ కూడా అలాంటి హింట్ పుస్తకాన్నే హీరో చేతికి ఇచ్చింది. ఇక్కడా అలాగే ఉండాల్సింది.

రెండోది, కొన్నిచోట్ల ఊహతో కాక వేరే నేర్పుతో గెలవాలి. బారులో ఒక రోబోతో ఐదు కాయలు వరసగా కలిపే ఆట ఆడాల్సి వస్తుంది. నాకు అది పెద్ద టెన్షన్. ఎదుటివాడు తర్వాత ఎక్కడ పెడతాడో ఏ పుస్తకం చెప్పగలదు? చిన్నప్పటినుంచి పులి-మేక ఆడిన చెయ్యి కాబట్టి బాబాయ్ నా దగ్గర ట్యాబ్ లాక్కుని గెలిచాడు. పక్కన బాబాయ్ లేనివాళ్లు ఇక్కడే గేమ్ వదిలేస్తారేమోనని నా బాధ.

మూడోది, జోసెఫ్ చేతికి అందే వస్తువులనే మనం ముట్టుకోగలం. ఒళ్లు సాగదీసి పొడుగు కాగలడు, కుదించుకుని పొట్టి కాగలడు. దీనివల్ల తెరంతా గుడ్డిగా నొక్కే పని తప్పుతుంది, మంచిదే. కానీ ఎత్తు మార్చకుండా నిలబడితే అవసరమైన వస్తువు వట్టి బొమ్మలానే కనిపిస్తుంది. మేం ఎక్కువసేపు ఆగిపోయిన చోట్లన్నీ ఇవే. అందుకని ఎక్కడ ఆగినా ముందు జోసెఫ్‌ను పొడుగు చేసి ఒకసారి, పొట్టి చేసి ఒకసారి అదే చోట తిప్పి చూడండి.

ఫోన్‌లో మాత్రం వద్దు, గీతలు మరీ సన్నగా ఉంటాయి. ట్యాబ్ గానీ కంప్యూటర్ గానీ ఉంటే నిస్సంకోచంగా కొనండి. ఒక్కసారి డబ్బు కడితే చాలు, మధ్యలో యాడ్‌లు లేవు. పక్కన ఒక మనిషి ఉంటే ఇంకా బాగుంటుంది, చదువు వచ్చినా రాకపోయినా పర్వాలేదు. ఇదే సంస్థ 2016లో తెచ్చిన సమొరొస్ట్ 3 కూడా మాటల్లేని గేమే. ఇప్పుడు మా షెడ్డులో భోజనాల వేళ అది నడుస్తోంది.