యూనిఫాంలో ఉన్నా ట్రే పట్టుకోవాల్సిందే: శంషాబాద్ నుంచి అంతర్వేది దాకా

యూనిఫాంలో ఉన్న సైనికుణ్ణి ఎయిర్‌పోర్టులో చెక్ చేస్తారా అని మా కోనసీమలో ఎవర్నడిగినా "మిలట్రీవోణ్ణి ఎవడు ఆపుతాడండీ" అంటారు. ఆపుతారండీ. శుభ్రంగా ఆపుతారు, టోపీ, బెల్టు తీయిస్తారు, చేతులు చాపమంటారు, అవసరమైతే బూట్లూ విప్పిస్తారు. మా మేనల్లుడితో కలిసి హైదరాబాద్ నుంచి రాజమండ్రి దిగి, అక్కణ్ణుంచి దిండి, అంతర్వేది, తాడేపల్లిగూడెం తిరిగాం. దారిలో ఎవరు ఎలా చూశారో, ఎక్కడ దిగితే మంచిదో రాస్తున్నా. ఇంట్లో ఫౌజీ ఉన్నవాళ్లకి కాస్త ఎక్కువ పనికొస్తుంది.

మావాడు అగ్నివీర్, అంటే నాలుగేళ్ల సర్వీసుకి సైన్యంలో చేరినవాడు. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగ్ పూర్తయి పాసింగ్ అవుట్ పరేడ్ అంటే అక్కా బావా నేనూ వెళ్లాం. సెలవు మీద ఇంటికి వచ్చేటప్పుడు వాళ్లు మామూలు బట్టల్లోనే వస్తారు, భద్రత కోసం అదే మంచిది కూడా. కానీ ఊళ్లో వాళ్ల నాయనమ్మకి పరేడ్ చూసే ఓపిక లేదు, "నాకా డ్రెస్సులో కనపడాలిరా" అని ఫోన్లో ఒకటే పోరు. అందుకని పరేడ్ అయ్యాక అలాగే, 2022లో వచ్చిన కొత్త డిజైన్ కాంబాట్ డ్రెస్సులోనే బయలుదేరాడు.

శంషాబాద్‌లో సెక్యూరిటీ లైన్ బాగా పొడుగ్గా ఉంది. వెనకాల ఒక పెద్దాయన "బాబూ నువ్వు ముందుకెళ్లు" అంటే మావాడు సిగ్గుపడి "పర్లేదండి" అంటూ అక్కడే నిలబడ్డాడు. ట్రేలో ఒక్కోటీ పెడుతుంటే చూడాలి: టోపీ, దాని మీద బ్యాడ్జీ, ఇత్తడి బకిల్ ఉన్న బెల్టు, ఫోను, పర్సు, చిల్లర. ద్వారం దాటగానే కుయ్ మంది. ఎయిర్‌పోర్టు భద్రత చూసే కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ జవాను, ఉత్తరాది మనిషి, హిందీలో "ఏ రెజిమెంట్ తమ్ముడూ" అని అడుగుతూనే చేతి మెషీన్ భుజాల మీంచి చీలమండల దాకా తిప్పాడు. మళ్లీ బూట్ల దగ్గరే మోత. స్టూల్ చూపించి కూర్చోమన్నాడు. ఆ బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టుకోవడం అంటే చిన్న పని కాదు, వెనక లైన్లో వాళ్లు గొణుగుతుంటే ఆ జవానే వాళ్లని పక్క లైన్లోకి పంపాడు. బూట్లు మెషీన్లోంచి వచ్చాక చేయి కలిపి "మంచి యూనిట్ దొరకాలి" అన్నాడు. తనిఖీలో రవ్వంత తగ్గించలేదు, మర్యాదలోనూ తగ్గించలేదు. అక్క మాత్రం మొహం మాడ్చుకుని "దేశం కోసం పోయేవాడి బూట్లు విప్పిస్తారా" అంది. బావ "యూనిఫాం బజార్లో ఎవడైనా కుట్టించుకోవచ్చే, మరి ఎలా తెలుస్తుంది?" అన్నాడు. నేను బావ వైపే.

అసలు సంగతేంటంటే మన దేశంలో విమానం ఎక్కే ముందు తనిఖీ నుంచి మినహాయింపు ఎవరికి అన్నదానికి ఒక జాబితా ఉంది. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, ముఖ్యమంత్రులు లాంటి వాళ్లతో పాటు సైన్యం నుంచి అందులో ఉన్నది పూర్తి జనరల్ హోదా ఉన్న దళాధిపతులు, నౌకాదళంలో, వాయుసేనలో దానికి సమానమైన హోదా వాళ్లు. కల్నల్ అయినా, నిన్న పరేడ్ చేసిన కుర్రాడైనా ద్వారంలోంచి వెళ్లాల్సిందే. పైగా తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్ హోంశాఖ కింద ఉండే బలగం, సైన్యం రక్షణశాఖ కింద. ఒకరికి ఒకరు పై అధికారులు కారు. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి వస్తున్న విమానాన్ని కాందహార్‌కి హైజాక్ చేశాక, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి ఒక్కో ఎయిర్‌పోర్టూ వీళ్ల చేతికి వచ్చింది. కాందహార్ గుర్తున్న తరం కాబట్టి నాకు ఆ ద్వారం మీద పెద్దగా కోపం రాదు.

అమెరికాలో ఇలా కాదు, మిలటరీని నేరుగా పంపేస్తారని మనవాళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. మా పెదనాన్నగారి మనవడు అక్కడి ఆర్మీలో ఉన్నాడు, ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. అక్కడ తనిఖీ చేసే సంస్థ టీఎస్ఏ, 2001 దాడుల తర్వాత పుట్టింది. సైనికుల తనిఖీ త్వరగా అయ్యేలా చూడాలని 2012 జనవరిలో చట్టం కూడా చేశారు. అయితే అసలు లాభం యూనిఫాం వల్ల కాదు, రక్షణశాఖ ఇచ్చిన ఐడీ నంబరు వల్ల. టికెట్ బుక్ చేసేటప్పుడే ఆ నంబరు ఇస్తే ప్రీచెక్ లైన్ (తనిఖీ త్వరగా అయ్యే వేరే లైన్) ఉచితం, జీన్స్ వేసుకుని వెళ్లినా సరే. యూనిఫాంలో ఉంటే ఎన్నో ఏళ్లుగా బూట్లు విప్పనక్కర్లేదు, మెషీన్ మోగితే మాత్రం విప్పాలి. 2025 జూలై నుంచి మామూలు ప్రయాణికులకి కూడా బూట్లు విప్పే బాధ పోయింది కాబట్టి ఆ ముచ్చట కూడా అయిపోయింది. మనిషి ఎవరో ముందే నంబరుతో తేల్చేసుకుని, గుమ్మం దగ్గర గుడ్డ చూసి మోసపోకుండా ఉండటం, నాకు నచ్చిన పద్ధతి ఇది. మన దగ్గర కూడా పెట్టొచ్చు, కష్టమేం కాదు.

రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఉన్నది మధురపూడిలో, ఊరికి సుమారు 18 కిలోమీటర్లు. మేం వచ్చింది రెక్కలకి పంకాలుండే చిన్న ఏటీఆర్ విమానం, దిగేటప్పుడు పొలాలు, గోదారి ఇసుక తిన్నెలు బాగా కనపడతాయి, కిటికీ సీటు అడిగి తీసుకోండి. బయట ట్యాక్సీ మాట్లాడుకునేటప్పుడు ముందే రేటు తేల్చుకోవాలి. మా డ్రైవరు మావాణ్ణి చూసి రేటు తగ్గించాడు, మేం అడక్కుండానే. కానీ ఏసీ వెయ్యమంటే "గాలి బాగా వస్తోంది కదండీ" అన్నాడు. గోదారి జిల్లా వాడు కదా, రెండూ ఆయన హక్కే.

రాత్రికి రాజమండ్రిలో స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. రూం శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే, టిఫిన్ మాత్రం బయటే తినండి. గొడవంతా రిసెప్షన్‌లో. మావాడు ఆర్మీ కార్డు చూపిస్తే కౌంటర్లో కుర్రాడు దాన్ని తీసుకుని జిరాక్స్ మెషీన్ వైపు నడిచాడు. మావాడు ఒక్క అంగలో వెళ్లి కార్డు లాక్కున్నంత పని చేశాడు. వాళ్లకి ఆ కార్డు కాపీ ఎవరికీ ఇవ్వకూడదని, ఫోటో కూడా తీయనివ్వకూడదని గట్టిగా చెప్పి పంపుతారట. "అందరిదీ తీస్తాం సార్, మిలట్రీ అయితే ఏంటి?" అని ఆ కుర్రాడు ఎగిరాడు. ఆధార్ ఇస్తే సరిపోయింది. ఎయిర్‌పోర్టులో కార్డు చూసి వెనక్కిచ్చేశారు, కాపీ ఊసే లేదు, లాడ్జికి కావాల్సి వచ్చింది! ఫౌజీలతో వెళ్లేవాళ్లు ఆధార్ పైన పెట్టుకోండి, ఆ కార్డు లోపల ఉంచండి.

పొద్దున్నే ధవళేశ్వరం వెళ్లి కాటన్ మ్యూజియం చూసి (ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ ఒక్క పనితో డెల్టా మొత్తం రూపు మారింది), రావులపాలెం మీదుగా కోనసీమలోకి దిగాం. ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు కొన్నాం. 2023లో వాటికి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక దుకాణాల బోర్డులు పెద్దవయ్యాయి, రుచి మాత్రం పాతదే, బెల్లం నెయ్యివి తీసుకోండి. ఊళ్లో నాయనమ్మ సంగతి రాయను, రాస్తే ఇది ఇంకో వ్యాసం అవుతుంది. చేత్తో ఆ గుడ్డ తడిమి తడిమి "ఎంత మందంగా ఉందిరా, చెమట పట్టదా" అంది, అంతే.

దిండిలో గోదారి ఒడ్డున ఒక రిసార్టులో దిగాం. ఉన్నవాటిలో చోటు పరంగా ఇదే బాగుంది: గుమ్మంలోంచే గోదారి వశిష్ఠ పాయ, చుట్టూ కొబ్బరితోటలు, సాయంత్రం గాలి. సర్వీసు మాత్రం నీరసం, టీ చెబితే చల్లారి వస్తుంది, బిల్లు మాత్రం వేడిగా వస్తుంది. సెలవురోజుల్లో వెళ్లకండి, పాటల మోత భరించలేరు. మామూలు రోజుల్లో అయితే డబ్బుకి న్యాయం జరుగుతుంది. హౌస్‌బోటు సరదాగానే ఉంటుంది, కానీ రాత్రి దోమలు, అది గుర్తుంచుకోండి. లాడ్జితో పోలిస్తే ఇక్కడ మావాణ్ణి కార్డు అడిగిన పిల్ల చూసి తిరిగిచ్చి ఆధార్ నంబరు రాసుకుంది, ఒక్క మాట ఎక్కువ లేదు.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం రష్ లేని రోజు కాబట్టి ఇట్టే అయింది. గుడి కన్నా నాకు అన్నాచెల్లెళ్ల గట్టు ఇష్టం, గోదారి సముద్రంలో కలిసే చోట నీళ్ల రంగు తేడా చూడొచ్చు. వెనక్కొచ్చి సఖినేటిపల్లి రేవులో పంటు (కార్లని కూడా దాటించే పడవ) ఎక్కి నరసాపురం దాటాం. అప్పటికి మావాడు లుంగీ, టీషర్టు మీదున్నాడు. టికెట్ కుర్రాడు ఆ కటింగ్ చూసి "ఆర్మీనా అన్నా" అని మావాడి దగ్గర డబ్బు తీసుకోలేదు, నా దగ్గర మాత్రం కారుకీ నాకూ లెక్కగట్టి తీసుకున్నాడు. వరదల టైంలో పంటు ఆపేస్తారు, కనుక్కుని వెళ్లండి, లేకపోతే చించినాడ వంతెన మీద చుట్టూ తిరగాలి.

తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం వెళ్లాలన్నది మావాడి కోరిక. మిలటరీ మాధవరం అనే అంటారు ఆ ఊరిని. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి అక్కడి కుటుంబాలు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నాయి. ఊళ్లో స్మారక స్థూపం ఉంది. దగ్గర్లోని తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే కూడా ఉంది. అరుగు మీద కూర్చున్న ఒక మాజీ సుబేదార్‌గారు మావాడితో కబుర్లు మొదలెట్టారు. నాలుగేళ్ల సర్వీసు మాట ఆయనకి మింగుడు పడలేదు, "పెళ్లి సంబంధం వాళ్లకి ఏం చెబుతావురా?" అన్నారు. ఎయిర్‌పోర్టు కథ చెబితే "మా రోజుల్లో నల్ల ట్రంకు పెట్టె, రైలు వారెంటు. టీటీ కూడా లేపేవాడు కాదు" అన్నారు. ఆ వెంటనే "అలా ఉండబట్టే ఎవడెవడో మా పేరు చెప్పుకుని ఎక్కేవాడు" అని ఆయనే అన్నారు.

తిరుగు ప్రయాణానికి మావాడు ప్యాంటూ చొక్కా వేసుకున్నాడు. మధురపూడిలో తనిఖీ ప్రశాంతంగా అయిపోయింది. అక్క సర్దిన బ్యాగులోంచి కురిడీ కాయలు మాత్రం మేమే ముందే తీసేశాం: ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, అంటుకునే ప్రమాదం ఉందని చేతి బ్యాగులోనే కాదు, చెక్ ఇన్ బ్యాగులో కూడా రానివ్వరు. కొబ్బరి పండే సీమలో ఈ సంగతి చాలామందికి తెలీదు. పూతరేకులకి ఏ అడ్డూ లేదు. ఆవకాయ, నెయ్యి చెక్ ఇన్‌లో గట్టిగా కట్టి వేసెయ్యండి.

విమానం మారిన చోట మాత్రం, పేరెందుకు గానీ, వాడికి చేదు అనుభవం. మెషీన్లో బ్యాగు ఆపారు. లోపల బూట్ పాలిష్ డబ్బా, సూదీ దారం, చిన్న కత్తెర. తీసి చూపించమంటే తప్పులేదు. కానీ సిబ్బంది బ్యాగు బల్ల మీద బోర్లించి "ఏంట్రా ఇదంతా" అన్న ధోరణిలో మాట్లాడారట. ఏం చేస్తావు అంటే ఆర్మీ కార్డు చూపించాడు. అంతే, గొంతు మారిపోయింది, "ముందే చెప్పొచ్చు కదా బ్రదర్" అంటూ వాళ్లే సర్దిపెట్టారు. ఫోన్లో ఇది చెబుతూ మావాడు సంతోషించాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కార్డు లేనివాడైతే ఆ బట్టలు అలాగే బల్ల మీద ఉండేవి కదా? మోకాల్లో స్టీలు రాడ్ ఉన్న మా బావని పోయినేడు ఉత్తరాదిలో ఒక చోట నలుగురిలో నిలబెట్టి ప్యాంటు మడిచి చూపించమన్నారు, ఆయన రైతు, చూపించడానికి ఏ కార్డూ లేదు. కృత్రిమ కాలు ఉన్న నర్తకి సుధా చంద్రన్ గారు 2021లో ప్రతిసారీ కాలు తీసి చూపించమంటున్నారని వీడియోలో మొర పెట్టుకుంటేనే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. యుద్ధంలో కాలు పోయిన సైనికుడు సివిల్ డ్రెస్సులో వస్తే ఆయనకీ ఇదే కదా. తనిఖీ అందరికీ ఒకటే అన్నప్పుడు మాట తీరు కూడా కార్డు చూడకముందే ఒకటిగా ఉండాలి, శంషాబాద్ జవానుకి అది వచ్చు.

ఇటువైపు కూడా ఒకటి చెప్పాలి. 2025 జూలైలో శ్రీనగర్‌లో చేతి లగేజీ ఎక్కువైందని అడిగినందుకు ఒక ఆర్మీ అధికారి విమాన సంస్థ సిబ్బందిని కొట్టారని కేసు అయింది. యూనిఫాం వేసుకున్నవాళ్లందరికీ బరువు లెక్కలు మాఫీ అనుకోవద్దు. కొన్ని విమాన సంస్థలు సైనికులకి రాయితీ టికెట్లు ఇస్తాయి, అది వాడుకోండి, కాకపోతే కౌంటర్లో సర్వీసు కార్డు చూపించాలి, ఇంట్లోవాళ్లయితే డిపెండెంట్ కార్డు.

కురిడీ కాయలు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. ఎవరైనా రైల్లో వెళ్లేవాళ్లుంటే వాళ్లతో పంపుతానని అక్క ఇప్పటికీ అడుగుతూనే ఉంది.