మండలం ఆరోగ్యం తేల్చడానికి ఏది మేలు: సర్కారు లెక్కలా, ల్యాబా, ఉపగ్రహమా, బావి పుస్తకమా?

నల్లగొండ జిల్లాలో ఒక మండలాన్ని పట్టుకుని, అక్కడి నీరు, నేల, చెట్టూచేమా ఏ స్థితిలో ఉన్నాయో తేల్చాలనుకుందాం. దిగింది ఒక యువజన సంఘమో, పంచాయతీయో, హైస్కూలు సైన్సు మాస్టారో. ఒక ఏడాది టైముంది, డబ్బు అంతంత మాత్రం. ఆఫీసు లెక్కలు తెచ్చుకోవాలా, సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబుకు పంపాలా, నీళ్లు పరీక్షించే కిట్టు కొనాలా, ఉపగ్రహ చిత్రాలు తిరగేయాలా, లేక ఊరివాళ్లతోనే బావులు కొలిపించాలా? అన్నీ చేయండి అనడం తేలిక. అన్నీ మొదలుపెట్టి ఏదీ పూర్తికాని ఫైళ్లకు మన దగ్గర కొదవలేదు.

నల్లగొండనే తీసుకోవడానికి కారణం ఫ్లోరైడ్. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వచ్చి పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో 1937లో మొదటిసారి నమోదు చేసింది పొదిలి, దర్శి ప్రాంతంలో; అప్పట్లో అవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. కానీ పేరు మాత్రం నల్లగొండకే స్థిరపడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేస్తే, దాన్ని లోకమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే అంటుంది.

సర్కారు లెక్కలు

మొదట చూడాల్సింది ఇవే, ఎందుకంటే ఉట్టినే వస్తాయి. రాష్ట్ర భూగర్భ జల శాఖ, కేంద్ర భూగర్భ జల మండలి కలిసి మండలాలవారీగా అంచనా వేస్తాయి. ఏటా నేలలోకి ఇంకి వాడుకోదగ్గ నీటిలో ఎంత తోడేస్తున్నామన్నదే దాని సారం. 70 శాతం లోపైతే సేఫ్, 70 నుంచి 90 అయితే సెమీ క్రిటికల్, 90 నుంచి 100 దాకా క్రిటికల్. 100 దాటిందంటే వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ.

చిక్కంతా సగటుతో. ఒక మండలంలో సగం ఊళ్లు సాగర్ ఎడమ కాలువ కింద, సగం మెట్ట మీద ఉన్నాయనుకోండి. కాలువ కింద బావులు నిండుగా ఉంటాయి, మెట్ట మీద బోర్లు దుమ్ము కక్కుతుంటాయి. కాగితం మీద మండలం సేఫ్. ఫ్లోరైడ్ దగ్గర ఈ సగటు ఇంకా మోసం చేస్తుంది. పది నమూనాల్లో తొమ్మిదింటికి లీటరుకు 0.8 మిల్లీగ్రాములు, ఒకదానికి 5 వచ్చిందనుకుందాం. సగటు 1.22. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లెక్క ప్రకారం 1 దాకా మంచి నీళ్లే, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. అంటే మండలం గండం గట్టెక్కినట్టే లెక్క. ఆ ఒక్క బోరు నీళ్లు తాగే తండా గతి మాత్రం ఆ లెక్కలో లేదు. ఇక్కడి గ్రానైటు రాతిలో ఇదేమీ అరుదు కాదు, ఒక బోరుకీ కూతవేటు దూరంలోని ఇంకో బోరుకీ పొంతన ఉండదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా మూడు ముక్కలైంది. 2010 అంకెనూ 2020 అంకెనూ పక్కపక్కన పెట్టి 'జిల్లాలో ఫ్లోరైడ్ ఊళ్లు తగ్గాయి' అని ఎవరైనా చూపిస్తే, ముందు ఏ నల్లగొండ అని అడగాలి.

ల్యాబూ, కిట్టూ, పెన్నూ

ఖచ్చితత్వంలో ల్యాబుకు సాటి లేదు. కలెక్టరు ముందు పెట్టినా, కోర్టులో పెట్టినా నిలబడేది గుర్తింపున్న ల్యాబు ఇచ్చిన కాగితమే. కానీ ల్యాబు మనం పంపిన సీసాలో ఏముందో చెబుతుంది తప్ప, ఊళ్లో ఏముందో చెప్పదు. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా అంతా నీళ్లు పట్టే చేతిలోనే ఉంటుంది. బోరింగు కొట్టగానే వచ్చే నీళ్లు పైపులో నిలవున్నవి. కొన్ని నిమిషాలు పోనిచ్చి, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు తొలిచి, అప్పుడు పట్టాలి. ఫ్లోరైడ్‌కైతే ప్లాస్టిక్ సీసానే వాడాలి. గాజుతో ఫ్లోరైడ్‌కు పడదు, అంకె మారిపోతుంది. క్రిముల పరీక్షకు పట్టే సీసా మరిగించి శుద్ధి చేసినదై ఉండాలి, ఐసులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. ఎండలో బండి డిక్కీలో సాయంత్రం దాకా తిరిగిన సీసాకు వచ్చిన రిపోర్టుకు ఎన్ని ముద్రలున్నా విలువ లేదు.

కిట్టు సంగతి వేరు. జల జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నేర్పించి కిట్లు ఇవ్వాలన్నది ఏర్పాటు. నీళ్లలో రెండు చుక్కల మందు వేసి రంగు చూసి, పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకోవడమే. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపులోకి దిగుతుంది. ట్యూబులైటు కింద ఒకలా, చెట్టు నీడన ఒకలా కనిపిస్తుంది కాబట్టి 1కీ 1.5కీ మధ్య తేడా కంటితో పట్టడం కష్టం. అదే 0.5కీ 4కీ తేడాను ఎవరైనా పట్టేస్తారు. అందుకే నా లెక్కలో కిట్టు పని జల్లెడ పట్టడం: యాభై బోర్లు చూసి, అనుమానం ఉన్న ఆరింటిని ల్యాబుకు పంపడం. క్రిముల పరీక్షకు కిట్టుతో వచ్చే చిన్న సీసా మాత్రం బ్రహ్మాండమైన సాధనం. నీళ్లు పోసి ఒకట్రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మలినం కలిసిన నీళ్లు నల్లబడిపోతాయి. వివరించే పనే ఉండదు. పదిమంది ముందు ఆ నల్లటి సీసా పెట్టండి, మురికికాలువ పక్కన పగిలిన పైపు గురించి పంచాయతీ మీటింగులో మాట వెంటనే వస్తుంది.

ఇక టీడీఎస్ పెన్ను, అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపేది. ఫిల్టర్ నీళ్ల ప్లాంటువాళ్లు క్యాన్‌లో ముంచి అంకె చూపించేది ఇదే. లీటరులో 800 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లలో ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు ఉన్నా, లేకున్నా పెన్ను చూపించేది దాదాపు అదే అంకె. ఫ్లోరైడ్ ఊళ్లో దాన్ని నమ్ముకుని ఇవి మంచి నీళ్లు, అవి చెడ్డవి అని చెప్పడం సరికాదు.

ఈ మూడింటికీ వర్తించే మాట ఒకటుంది. మిషన్ భగీరథ పథకం కింద ఇంటికి నల్లా వచ్చింది, ఫిల్టర్ క్యాన్లు వచ్చాయి, పాత బోరు ఎక్కడికీ పోలేదు. ఒకే ఇంట్లో తాగడానికి ఒక నీరు, అన్నం వండటానికి ఒకటి, బర్రెలకు ఇంకొకటి. బోరు నీళ్లతో వండిన అన్నంలోంచీ పప్పులోంచీ ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతూనే ఉంటుంది. కాబట్టి బోరు దగ్గరే కాదు, వంటింట్లో బిందె దగ్గర కూడా నమూనా తీయాలి. మన దగ్గర ఎక్కువ సర్వేలు జారిపోయేది ఇక్కడే.

ఉపగ్రహం

అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ తీసిన బొమ్మలు 1972 నుంచి ఉన్నాయి, ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. యూరప్‌వాళ్ల సెంటినెల్-2 అయితే పది మీటర్ల స్పష్టతతో అయిదు రోజులకోసారి కొత్త బొమ్మ ఇస్తుంది. మన హైదరాబాద్‌లోని ఇస్రో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీవాళ్ల భువన్ వెబ్‌సైటు ఉండనే ఉంది. చెరువు శిఖం ఎప్పుడు ప్లాట్లయిందో, బోర్లు ఎండిన ఏడాది బత్తాయి తోటలు ఎంత మేర పోయాయో, గుట్ట ఏ మూల నుంచి క్వారీ అయిందో, నిన్నటి సంగతిని ఇంత వివరంగా చెప్పే సాక్షి ఇంకోటి లేదు. భూమి గొడవల్లో ఊరి జ్ఞాపకం పార్టీలుగా చీలిపోతుంది. ఈ బొమ్మకు ఆ బాధ లేదు.

కానీ ఆకాశం నుంచి ఫ్లోరైడ్ కనిపించదు, నైట్రేట్ కనిపించదు. అంతకంటే పెద్ద ప్రమాదం, కనిపించేదాన్ని తప్పుగా చదవడం. పచ్చదనం పెరిగిందని చూపే మ్యాపులో ఆ పచ్చదనం సర్కారు తుమ్మ కావచ్చు, ఎండిన కుంటను ఆక్రమించుకుని. లేదా గుర్రపు డెక్క కావచ్చు. ఊరి మురుగంతా చెరువులోకి పోయి గుర్రపు డెక్క పట్టేస్తే, మ్యాపులో ఆ చెరువు నీళ్లుగా కాకుండా పచ్చటి మొక్కగా పడుతుంది. చెరువు చచ్చిపోతున్న గుర్తు, రిపోర్టులో పచ్చదనం ఖాతాలో చేరుతుంది. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోతుంటే, దాన్ని ముందు పట్టింది చెట్టు కింద కూర్చునేవాళ్లే.

బావి పుస్తకం

ఊరివాళ్లే బావుల్లో, బోర్లలో నీటిమట్టం కొలిచి రాసుకునే పుస్తకం ఇది. కొత్త ఆలోచన కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995 నుంచి 2003 దాకా నడిచిన ఏపీవెల్ అనే సాగు బోర్ల ప్రాజెక్టు, దాని తర్వాత అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య కార్యక్రమం ఈ పనే చేశాయి. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఊరి గోడ మీద రాశారు, యాసంగికి ముందు కూర్చుని ఉన్న నీళ్లకు ఏ పంట ఎంత వేయొచ్చో లెక్క కట్టారు. చదువురానివాళ్లకు హైడ్రాలజీ (జల శాస్త్రం) ఏమిటని నవ్వినవాళ్లకు ఆ గోడలే జవాబు.

కొలత పెద్ద విద్యేమీ కాదు. టేపు చివర బరువు కట్టి, కింది భాగానికి సుద్ద రాసి బోరు కేసింగులోకి దింపితే, తడిసిన చోట సుద్ద రంగు మారుతుంది. పైన కేసింగు అంచు దగ్గర ఎంత కనపడిందో అందులోంచి తడిసింది తీసేస్తే మట్టం తెలిసిపోతుంది. కష్టమల్లా మోటారు ఆగి ఉన్న సమయం దొరకడం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక, ఆటో స్టార్టర్లు పెట్టిన బోర్లకు విశ్రాంతి కరువైంది. నడుస్తున్న బోరులో కొలిస్తే వచ్చేది బోరు ఆయాసం, నేల నీటిమట్టం కాదు. కాబట్టి వాడకంలో లేని బోరును ఊరికి ఒకటి ఎంచుకోవడం, లేదా రైతును బతిమాలి రాత్రి మోటారు బంద్ పెట్టించి తెల్లవారుజామున కొలవడం. ఏటా రెండు అంకెలు తప్పనిసరి: మే చివర ఒకటి, నవంబర్‌లో ఒకటి. పదిహేను రోజులకోసారి అయితే ఇంకా మంచిది.

దీని బలహీనత అందరికీ తెలిసిందే. ప్రాజెక్టు నడిచినన్నాళ్లు నడుస్తుంది. టేపు పట్టుకునే మనిషి హైదరాబాద్ వెళ్లిపోతే పుస్తకం అక్కడే ఆగిపోతుంది. అందుకే దీన్ని ఒక మనిషికి కాక బడికి అప్పగించడం మేలనిపిస్తుంది. మాస్టారు మారినా తొమ్మిదో తరగతి ప్రతి ఏడూ ఉంటుంది.

పిల్లల పళ్లు

బడి మాట వచ్చింది కాబట్టి ఇదీ. శాశ్వత ముందుపళ్ల పైపొర తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసులో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే పంటి మీద సుద్ద మచ్చలో, గోధుమ గారో జీవితాంతం ఉండిపోతుంది. అంటే పన్నెండేళ్ల పిల్ల పళ్లు చెప్పేది ఈనాటి నల్లా సంగతి కాదు, తన పసితనంలో ఆ ఇంటి బిందెలో ఏమున్నదో. పదో తరగతి పిల్లలకు గార ఉండి ఆరో తరగతి పిల్లలకు లేకపోతే, మధ్యలో వచ్చిన నల్లా నీళ్లు పనిచేశాయని దానికంటే గట్టి రుజువు దొరకదు. ఆరో తరగతిలోనూ కనిపిస్తే, వాళ్ల పసితనంలో నల్లా ఉండి కూడా ఎవరో తాగలేదన్నమాట, లేదా వంటకు వాడలేదు.

మచ్చలన్నీ ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరైడ్ గార రెండు వైపులా ఒకే జత పళ్ల మీద, అడ్డంగా గీతల్లా వస్తుంది, తోమితే పోదు. చూడాల్సింది పళ్ల డాక్టరో, ఆయన నేర్పిన మనిషో. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా చూడొద్దు, పేర్లు రాయొద్దు, ఫోటోలు అసలే వద్దు. 'ఫ్లోరైడ్ ఊరి పిల్ల' అన్న మాట వల్ల ఆగిపోయే పెళ్లి సంబంధాల గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

గాలి గురించి రెండే మాటలు. పల్లెల్లో గాలి కొలిచే స్టేషన్లు లేనట్టే, మనం పెట్టలేం. కట్టెలపొయ్యి మీద వండే ఇళ్లు ఎన్నో లెక్కపెట్టుకుంటే చాలు. నేలకు సాయిల్ హెల్త్ కార్డులు ఉన్నాయి, కానీ మెట్ట భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా అన్నది పద్ధతి. మీ చెలకకు ఆ కార్డు ఎంతవరకు వర్తిస్తుందో మీరే చూసుకోవాలి.

మరి ఏది?

ప్లాటు కొనేవాడికి ఉపగ్రహ చిత్రం మేలు. పంచాయతీ ట్యాంకు మూసేయాలా వద్దా అంటే ల్యాబు తప్ప ఇంకేదీ వద్దు. కానీ మండలం బాగుపడుతోందా, దిగజారుతోందా అన్నదే ప్రశ్న అయితే నేను బావి పుస్తకానికే ఓటేస్తాను. ఒక్క రోజు యాభై సీసాలు పంపి తెప్పించిన అందమైన రిపోర్టు ఆ రోజు ఫోటో మాత్రమే. అవే పది బోర్లను అయిదేళ్లు ఏటా రెండుసార్లు కొలిచిన చింపిరి నోటుపుస్తకం దానికన్నా ఎక్కువ చెబుతుంది, ఒకటీ అరా కొలత అటూ ఇటూ అయినా సరే.

డబ్బు పంచుకోవాల్సి వస్తే ఇలా: టేపుకూ కిట్లకూ మొదటి వాటా, కిట్టు పట్టించిన అనుమానపు బిందెలను ల్యాబుకు పంపడానికి రెండోది. పళ్ల పరీక్షకు డాక్టరు దారి ఖర్చులు చాలు. ఉపగ్రహానికి పైసా అక్కర్లేదు, డిగ్రీ చదివే పిల్ల ఒకరు ల్యాప్‌టాప్‌తో రెండు ఆదివారాలు కూర్చుంటే పనైపోతుంది. అయితే ఆ పిల్ల గీసిన మ్యాపు పట్టుకుని ఎవరో ఒకరు చెరువు కట్ట మీదికి వెళ్లి, పచ్చగా కనిపిస్తున్నది వరో, తుమ్మో, గుర్రపు డెక్కో చూసి రావాలి.