చందవరంలో బుద్ధుడు దొరికాడు, తొమ్మిది వందలు పోయాయి

ముందు డబ్బు సంగతి చెప్పేస్తా, లేకపోతే నాకు నిద్ర పట్టదు. చందవరం బౌద్ధ స్తూపం చూడ్డానికి ఒంగోలులో కారు మాట్లాడుకున్నప్పుడు రానూపోనూ 3,200 అన్నారు, అన్నీ కలిపే అన్నారు. సాయంత్రం ఇంటి ముందు దిగాక లెక్క మారింది. వెయిటింగ్ 500, డ్రైవర్ బేటా 400. అదేంటయ్యా అంటే "మీకు చెప్పింది బండికే సార్" అంటాడు. ఓనరుకి ఫోన్ చేస్తే ఎత్తడు. అత్తగారి వీధిలో పంచాయితీ ఎందుకని ఇచ్చేశాను. మీరు వెళ్తే బేటా, వెయిటింగ్ రెండూ కలిపి ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాటని నమ్మొద్దు.

మా ఆవిడ మనసంతా వాడరేవు బీచ్ మీద. "సంక్రాంతి సెలవుల్లో రాళ్ళు చూడ్డానికా?" అని దర్శి దాటేదాకా మూతి ముడుచుకునే కూర్చుంది. పాపకి స్కూల్ ప్రాజెక్టు ఉంది, అందుకే ఈ ప్రయాణం. అదృష్టం బాగుండి చిన్నమావయ్య తోడొచ్చాడు. ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాడు. దొనకొండలో టీ తాగుతూ, రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ వాళ్ళ విమానాల మైదానం ఇక్కడే ఉందని మొదలుపెట్టాడు. ఇక ఆపలేదు.

చందవరం స్తూపం గుండ్లకమ్మ ఒడ్డున, చిన్న కొండ మీద ఉంది. 1964లో బయటపడింది, 1970లలో తవ్వకాలు జరిగాయి. సాంచీలా ఆకాశంలోకి లేచిన గుమ్మటం ఊహించుకుని వెళ్తే నిరాశే. కనిపించేది గుండ్రటి ఇటుక కట్టడం, దాని చుట్టూ చిన్న స్తూపాల పునాదులు. అసలు పని చెక్కిన సున్నపురాతి పలకల్లో ఉంది.

ఒక పలక దగ్గర మావయ్య పాపని ఆపాడు. మధ్యలో స్తూపం, అటూ ఇటూ చేతులు జోడించిన మనుషులు.

"ఇందులో బుద్ధుడెక్కడున్నాడో చూపించు."

పాప ప్రతి మొహమూ వెతికింది. తలపాగా వాడా? కాదు. పైన ఎగిరేవాడా? కాదు. "లేడు తాతయ్యా!"

"అందరూ ఎవరికి దండం పెడుతున్నారే మరి?"

పాప కాసేపాగి, స్తూపం వైపు వేలు చూపించింది. తొలినాళ్ళ శిల్పులు బుద్ధుడి రూపం చెక్కలేదట. బోధివృక్షం, చక్రం, పాదాలు, ఖాళీ ఆసనం, స్తూపం, వీటిల్లో ఏది కనిపించినా ఆయనే. ఈ మాట టెక్స్ట్‌బుక్‌లో నేనూ చదివాను, పరీక్ష రాసి మర్చిపోయాను. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఫోటోలకి తొందరపడకుండా ఒక్క పలక ముందు పావుగంట కూర్చోబెట్టండి, చాలు.

మా ఆవిడ మూతి విప్పింది మాత్రం దొంగతనం కథకి. ఇక్కడి పలకొకటి దొంగల చేతిలో పడి సముద్రాలు దాటింది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ దాన్ని లక్షల డాలర్లు పోసి కొని, అది దొంగసొత్తని తేలాక 2016లో మన దేశానికి తిరిగిచ్చేసింది. "అన్ని డాలర్లే!" అంటూ వెనక్కెళ్ళి, అప్పటిదాకా రాళ్ళన్న వాటినే మళ్ళీ ఒక్కొక్కటీ చూసొచ్చింది. ఆ చూడటానికే ఇంకో గంట. వెయిటింగ్ 500లో సగం ఆవిడదే అని నా లెక్క.

అక్కడ హోటళ్ళున్నాయనుకుని వెళ్ళకండి. మేం పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాం కాబట్టి సరిపోయింది. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు పెట్టుకోండి, జనవరిలోనే ఎండ మాడ్చింది.

ఈసారి వాడరేవేనట. అదీ ఆర్టీసీ బస్సులోనే.