ముప్పై గంటల సీఎంఈ: కాన్ఫరెన్సా, ఫోనా, ఇచ్ఛాపురంలో నలుగురమా?

డాక్టర్లు పట్టా తరువాత కూడా కొనసాగించాల్సిన చదువునే సీఎంఈ అంటారు. దాని పాయింట్లు చూపించాల్సిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గరపడితే చాలు, నాకు ఫోన్లు పెరుగుతాయి. పర్లాకిమిడి, రాయగడ, జయపురం, మా బరంపురం... ఒడిశా సరిహద్దు పట్టణాల్లో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన తెలుగు సైకియాట్రిస్టులందరిదీ ఒకటే ప్రశ్న. ‘మేడమ్, పాయింట్ల కోసం కాన్ఫరెన్సుకు వెళ్లడం మేలా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చేసుకోవడం మేలా?’ ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క తేల్చుకుందాం. 2002 నాటి వృత్తి ప్రవర్తన నియమావళి డాక్టరును అయిదేళ్లకు 30 గంటల సీఎంఈ అడుగుతుంది. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చి, అదే నెల 23న వాటిని పక్కన పెట్టింది కాబట్టి పాత లెక్కే నడుస్తోంది. అంటే నెలకు అరగంట! బ్రిటన్‌లో మానసిక వైద్యుల రాయల్ కాలేజీ ఏడాదికే 50 గంటలు అడుగుతుంది. ఆస్ట్రేలియాలో 2023 నుంచి డాక్టర్లందరికీ ఏడాదికి 50 గంటలు తప్పనిసరి. మన అయిదేళ్ల కోటా వాళ్లకు ఎనిమిది నెలలు తిరగకముందే పూర్తవుతుంది. కాబట్టి గంటలు దొరకడం లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆ గంటలు ఎక్కడ గడపాలన్నదే అసలు ప్రశ్న.

కాన్ఫరెన్సుల సంగతి చూద్దాం. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ వార్షిక సభ 2023లో భువనేశ్వర్‌కు వచ్చినప్పుడు మాకు పండగే, రైలెక్కితే పూట ప్రయాణం. ప్రతి ఏడూ అలా కుదరదు. దేశం ఆ చివరన పెడితే టికెట్టు, హోటలు, ప్రతినిధి రుసుము అన్నీ కలిపి చేతి చమురు బాగానే వదులుతుంది. అంతకంటే బరువైనది మూసిన క్లినిక్కు. మోహనా కొండల మీంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన మనిషి తాళం చూసి వెనుదిరిగితే, తిరిగి ఎప్పుడొస్తాడో, మందులు ఎన్ని రోజులు మానేస్తాడో చెప్పలేం. అయినా కాన్ఫరెన్సును తీసిపారేయను. అయస్కాంత తరంగాలతో మెదడుకు చికిత్స చేసే ఆర్‌టీఎంఎస్ యంత్రం మీద చెయ్యి పెట్టి నేర్చుకునే వర్క్‌షాపు ఫోన్లో జరగదు. పాత బ్యాచ్ వాళ్లతో టీ తాగుతూ మాట్లాడుకునే పావుగంట చాలాసార్లు వేదిక మీది ఉపన్యాసం కంటే విలువైనది. రెండు మూడేళ్లకోసారి, అదీ దగ్గరలో జరిగితే, తప్పక వెళ్లండి.

ఆన్‌లైన్ చవక, సులువు. బెంగళూరు నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ వంటివి వచ్చాక జిల్లా డాక్టరుకు తలుపు తెరుచుకుంది, అందులో సందేహం లేదు. చట్టం, నియమాలు, మార్గదర్శకాల వంటివి నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమలులోకి వచ్చినప్పుడు నాలాంటి పాతకాపులకు ముందస్తు ఆదేశాలు (తనకు ఏ వైద్యం చేయాలో రోగి ముందే రాసిపెట్టడం), నామినేటెడ్ ప్రతినిధి (రోగి తన తరఫున ఎంచుకున్న మనిషి), మత్తుమందు లేని ఈసీటీ (కరెంటు షాక్ చికిత్స)పై నిషేధం అన్నీ కొత్త పాఠాలే. అలాంటివి ఇంట్లో కూర్చుని, ఆపి ఆపి వినాలి. 2020లో టెలిసైకియాట్రీ (ఫోన్లో, వీడియోలో చేసే మానసిక వైద్యం) మార్గదర్శకాలు నేను నేర్చుకున్నదీ అలాగే. కానీ నిజం ఒప్పుకోవాలి. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి, మైకు ఆపేసి, చేపల పులుసు కలుపుతూ పూర్తి చేసిన వెబినార్లు నా ఖాతాలో ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. చివరి అయిదు ప్రశ్నలకు జవాబులు నొక్కగానే సర్టిఫికెట్టు వచ్చింది. పులుసూ బాగానే కుదిరింది.

ఈ రెంటిలో ఏది మేలని అడిగినవాళ్లకు నేను మూడోది చెబుతాను: నెలకోసారి కలిసి కేసులు చర్చించుకునే తోటి డాక్టర్ల చిన్న బృందం. ఎందుకో తెలియాలంటే నా పరువు కొంచెం పోగొట్టుకోవాలి.

సూరత్ మరమగ్గాల్లో ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చిన గంజాం మనిషి ఒకాయన. బైపోలార్, అంటే ఉద్రేకం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు. రెండేళ్లుగా దానికి వాడే లిథియం మందు మీద నిలకడగా ఉన్నాడు. మే నెలలో చేతులు వణుకుతున్నాయని వచ్చాడు. లిథియం వణుకు కొత్తేముంది అనుకుని, వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ కలిపి పంపించేశాను. పది రోజుల తరువాత మా బృందంలో వేరే సంగతి చెబుతూ మాటవరసకు ఇతని పేరెత్తకుండా ప్రస్తావించాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే డాక్టరుగారు టీ గ్లాసు కింద పెట్టి, ‘మోకాళ్ల నొప్పులకేమైనా మింగుతున్నాడా అమ్మా?’ అని అడిగారు. నేను అడగలేదు! అక్కడి నుంచే రోగి ఇంటికి ఫోన్ చేయిస్తే మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర మూడు వారాలుగా వేసుకుంటున్నాడనీ, నాలుగు రోజులుగా విరేచనాలనీ అతని భార్య చెప్పింది. మర్నాడు రక్తంలో లిథియం స్థాయి 1.7, అంటే ప్రమాదకరం. మందు ఆపి, సెలైన్ ఎక్కించి, ఎలాగో గట్టెక్కించాం.

నొప్పి మాత్రలు లిథియాన్ని పెంచుతాయని నాకు తెలియదా? కాన్ఫరెన్సు హాళ్లలో కనీసం పదిసార్లు విని ఉంటాను. పీజీలకు నేనే చెప్పాను. పదకొండోసారి విన్నా ఆ రోజు నా చేయి ప్రొప్రనలాలే రాసేది. నాకు కావలసింది నా కేసు విని ‘అది అడిగావా?’ అనే ఇంకో మనిషి. ఊరికి ఒక్కరే సైకియాట్రిస్టు ఉన్నచోట ఆ మనిషి ఉండడు. తప్పు చేసినా ఎవరూ చెప్పరు, రోగి అసలే చెప్పడు. చెప్పకుండా మానేస్తాడు.

బ్రిటన్‌లో మానసిక వైద్యుడు తన ఏడాది చదువు ప్రణాళికను తోటి వైద్యుల చిన్న బృందం ముందు పెట్టి ఒప్పించుకోవాలి. ఆస్ట్రేలియా 50 గంటల్లో సగం తమ పనిని తాము, తోటివాళ్లు పరిశీలించుకోవడానికీ, ఫలితాలు కొలుచుకోవడానికీ కేటాయించాలంటుంది. మన నియమావళి సభలకు హాజరవడం వరకే చూస్తుంది.

మా బృందం గొప్పదేమీ కాదు. ఒడిశా వైపు ఇద్దరం, ఆంధ్రా వైపు ఇద్దరు. నెలకో ఆదివారం ఇచ్ఛాపురంలో, అందరికీ మధ్యలో ఉంటుందని. ఎవరికి వారు సరిగా నడవని కేసే తేవాలి, నయమైన కేసు తెస్తే ఆ రోజు భోజనం ఖర్చు వాళ్లదే. పేర్లు, ఊళ్లు చెప్పకూడదు. మందుల కంపెనీ మనిషి గుమ్మం తొక్కకూడదు. చర్చ సగం భాష దగ్గరే ఆగిపోతుంది. ఒడియాలో తలనొప్పిని ముండొబింధా అంటారు, అది విని కొత్తగా వచ్చిన తెలుగు డాక్టరు మొదటి వారం ఉలిక్కిపడతాడు. అది నవ్వుకునే సంగతి. సవర మనిషి అయిదు నిమిషాలు చెప్పిందంతా మేనల్లుడు ‘నిద్ర పట్టదట’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తే మిగతాది ఎలా రాబట్టాలన్నది నవ్వుకునేది కాదు. మాలో ఒకరు గుణుపురంలో కొన్నేళ్లు పనిచేశారు, ఆ విద్య ఆయన దగ్గరే నేర్చుకుంటున్నాం.

దీనికి పాయింట్లు? సున్నా. పేరున్న వృత్తి సంస్థ గొడుగు కింద, రాష్ట్ర వైద్య కౌన్సిల్ అనుమతి ముందే తీసుకుని జరిపితే తప్ప ఇవి లెక్కలోకి రావు. ఆ దరఖాస్తు పని ఇంకా నా బల్ల మీదే ఉంది. అందాకా ముప్పై గంటలూ ఆన్‌లైన్లోనో, దగ్గరి సభలోనో పూర్తి చేసేయండి, ఇంటిపన్ను కట్టినట్టు. ఒక్క జాగ్రత్త: మీ పేరు ఏ రాష్ట్ర కౌన్సిల్లో ఉందో ఆ కౌన్సిల్ ఆ పాయింట్లను ఒప్పుకుంటుందో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి. విశాఖలో సంపాదించి భువనేశ్వర్‌లో చూపించాల్సిన మనకు ఇది ముఖ్యం.

హోటల్లో విందుతో కూడిన కంపెనీ ఉపన్యాసాలు: బిర్యానీ కోసమైతే సొంత డబ్బుతో తినండి. జర్నళ్లు: చదవండి, పాయింట్లు రాకపోయినా.

మల్కన్‌గిరి నుంచి ఒక కుర్ర డాక్టరు ఫోన్ చేసి, ఇచ్ఛాపురం రావాలంటే రెండు రోజులు పోతాయి, నా గతేమిటి అన్నాడు. ఫోన్లో చేరమన్నాం. పోయిన నెల తను తెచ్చిన కేసు మీద గంటన్నర వాదించుకున్నాం. మధ్యలో లైను మూడుసార్లు తెగింది, మూడుసార్లూ తనే మళ్లీ చేశాడు.