హెచ్-రిఫ్లెక్సా, ఒంటికాలి పరీక్షా: మళ్లీ కొలిస్తే ఏది నమ్మొచ్చు?

యాభై ఏళ్ల మహిళ. అరికాళ్లలో తిమ్మిరి, నడకలో తూలు. వ్యాయామాలు మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు నెలల తర్వాత మరోసారి కొలుస్తాం. అంకె మారితే ఆమె మారినట్టేనా? దేనితో కొలిచామన్నదాన్ని బట్టి చెప్పాలి.

హెచ్-రిఫ్లెక్స్‌ను పాల్ హాఫ్‌మన్ 1910లో వర్ణించాడు. మోకాలి వెనక గుంటలో నరానికి చిన్న షాక్ ఇస్తే, సంకేతం వెన్నుపాము దాకా పోయి తిరిగొచ్చి పిక్క కండరాన్ని కదిలిస్తుంది. పెద్దవాళ్లలో దీనికి పట్టేది దాదాపు 30 మిల్లీసెకండ్లు. ఎత్తును, వయసును బట్టి ఈ సమయం మారుతుంది గానీ, ఒకే మనిషిలో మళ్లీ కొలిచినా పెద్దగా మారదు. కాలు చల్లబడకుండా చూసుకుంటే చాలు. చిక్కేమిటంటే, తూలు తగ్గిందో లేదో అది చెప్పదు. నిలకడగా ఉన్నంత మాత్రాన మనకు కావలసిన కొలత అయిపోదు.

అదే రిఫ్లెక్స్ ఎంత ఎత్తుకు లేచిందన్నది, అంటే పిక్క కండరం ఎంత పెద్దగా స్పందించిందన్నది మాత్రం చాలా సున్నితం. తల తిప్పినా, పళ్లు బిగించినా, పడుకున్న మనిషి నిలబడినా మారిపోతుంది. షాక్‌కీ షాక్‌కీ మధ్య 10 సెకండ్లు ఆగాలి, భంగిమ మారకూడదు, దాన్ని కండరం ఇవ్వగల గరిష్ఠ స్పందనతో పోల్చి చూడాలి. ఇంత జాగ్రత్త మామూలు క్లినిక్‌లో కష్టం. నరం ఎక్కడ దెబ్బతిందో వెతికేటప్పుడు ఈ పరీక్షకు నిజమైన విలువ ఉంది.

ఒంటికాలి పరీక్షకు స్టాప్‌వాచ్ చాలు, పక్కన పట్టుకునే మనిషి ఉండాలి. 30 సెకండ్లకు ఆపేస్తే, కళ్లు తెరిచి నిలబడిన ఆరోగ్యవంతుల్లో చాలామంది దాన్ని సులువుగా చేరుకుంటారు, తేడా తెలియదు. కళ్లు మూస్తే తేడా తెలుస్తుంది, కానీ ఒక్కో ప్రయత్నానికి ఒక్కో అంకె వస్తుంది. అందుకే ముందు ఒకసారి అలవాటు చేసి, తర్వాత మూడు ప్రయత్నాల సగటు తీయాలి. చెప్పులు లేకుండా, అదే కాలితో కొలవాలి. ఒకసారి చీరలో, ఒకసారి చుడీదార్‌లో కొలిస్తే ఆ పోలిక చెల్లదు. నిలబడ్డ మనిషి ఊగిసలాటను కొలిచే పలక, ఫోర్స్ ప్లేట్, దొరికితే ఇంకా మేలు.

మళ్లీ కొలిస్తే అంకెలు ఎంతవరకు కలుస్తాయో చెప్పేది ఐసీసీ; 1కి ఎంత దగ్గరైతే అంత మేలు. కానీ ‘ఐసీసీ బాగుంది’ అన్న మాటతో తృప్తిపడకండి. ఇరవై ఏళ్లవారినీ డెబ్బై ఏళ్లవారినీ ఒకే గుంపులో కలిపితే ఆ అంకె పెరిగిపోతుంది. ఒక గుంపులో అంకెల చెదురు 6 సెకండ్లు, ఐసీసీ 0.84 అనుకుందాం. 1లోంచి 0.84 తీసేస్తే 0.16, దాని వర్గమూలం 0.4. కొలతలోని పొరపాటు 6 × 0.4, అంటే 2.4 సెకండ్లు. దాన్ని 2.77తో హెచ్చిస్తే దాదాపు 6.6 సెకండ్లు. మార్పు అంతకన్నా తక్కువైతే అది కొలతలోని పొరపాటే కావచ్చు.

ఈమెకు నేను ఎంచుకునేది మూడు ప్రయత్నాల ఒంటికాలి సగటే. అయినా 8 సెకండ్లు కాస్తా 12 అయితే ‘మెరుగైంది’ అని రాయను. మరో నెల వ్యాయామం చేయించి మళ్లీ కొలుస్తాను.