ఆరేళ్లుగా వాడుతున్న టాకోమీటరు: ఆ హెర్ట్జ్ బటన్ గురించే నా బాధంతా

తిరిగే షాఫ్టు వేగాన్ని లేజరుతోనూ, షాఫ్టుకు రబ్బరు మొన ఆనించీ రెండు విధాలా కొలిచే మామూలు చేతి మీటరు ఇది. మిగతా వివరాలన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది దాని పక్కన ఉన్న చిన్న బటన్ సంగతి. ఒకసారి నొక్కితే తెర మీద ఆర్‌పీఎం, అంటే నిమిషానికి చుట్లు వస్తాయి, ఇంకోసారి నొక్కితే హెర్ట్జ్, అంటే సెకనుకు చుట్లు వస్తాయి.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్లు, ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) మోటార్లు బాగు చేయడం నా పని. మొదటి రెండేళ్లూ ఆ బటన్‌ను నేను మెచ్చుకోని రోజు లేదు. నాలుగు పోల్‌ల (అయస్కాంత ధ్రువాల) మోటారు 50 హెర్ట్జ్ కరెంటు మీద స్లిప్పు లేకుండా, అంటే వేగం వెనకబడకుండా తిరిగితే నిమిషానికి 1500 చుట్లు, అంటే సెకనుకు 25. లోడు మీద 1440 తిరిగితే తెర మీద 24.0 కనిపిస్తుంది. 25 నుంచి 24కు పడింది, స్లిప్పు నాలుగు శాతం అని కాగితం లేకుండానే తెలిసిపోతుంది. 23.5 వచ్చిందంటే మోటారు 1410 దగ్గర ఈడుస్తోందన్నమాట. వోల్టేజి తక్కువైనా ఉండాలి, గేరు బాక్సు బిగుసుకునైనా ఉండాలి, రోటరులో (మోటారులో తిరిగే భాగంలో) బార్ విరిగైనా ఉండాలి. పెద్ద అంకెల్లో కంటికి ఆనని తేడా చిన్న అంకెల్లో ఇట్టే దొరుకుతుంది. ఇక లెక్కలతో పనే లేదని తోటి మెకానిక్కులందరికీ చెప్పాను.

ఈ బటన్ వల్లే ఇంకో మేలు కూడా జరిగింది. కొన్న నెలలోనే ఒక రాత్రి షాపులో మీటరు చేతిలో పట్టుకుని ఊరికే ట్రిగ్గర్ నొక్కితే 6000 అని పడింది. ఎదురుగా తిరిగే వస్తువే లేదు. మీటరు పాడైందనుకుని గుండె జారిపోయింది. హెర్ట్జ్‌లోకి మార్చి చూశాను, 100 వచ్చింది. అప్పుడు పైకి చూస్తే పాత చోక్ ట్యూబులైటు వెలుగుతోంది. 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకు యాభై ఆవృత్తాలు తిరుగుతుంది. ఒక్కో ఆవృత్తంలో రెండుసార్లు వెలుగు పెరిగి తగ్గుతుంది కాబట్టి ట్యూబు సెకనుకు వందసార్లు మినుకుతుంది. మన కన్ను పట్టుకోలేనిదాన్ని మీటరు పట్టుకుంది. వందను అరవైతో హెచ్చవేస్తే ఆరు వేలు.

ఆ రోజు నుంచి మీటరును సరిచూసుకోవడానికి అదే నా కొలబద్ద. మన గ్రిడ్‌ను 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య నడపాలన్నది నిబంధన. ఆ లెక్కన ట్యూబు కింద మామూలుగా 5988 నుంచి 6006 మధ్య ఏదో ఒకటి రావాలి. ఆరేళ్లలో నా మీటరు ఆ హద్దుకు దూరంగా చూపించిందే లేదు. దీనికోసమే షాపులో ఒక పాత చోక్ ట్యూబును తీయకుండా ఉంచాను. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్నవాటితో ఈ పని జరగదు, అవి చాలా వేగంగా మినుకుతాయి. ఎల్‌ఈడీ బల్బుల్లో చౌకవి కొన్ని వంద చూపిస్తాయి, మంచివాటిలో ఏమీ రాదు. కానీ ఈ మేలులోనే ఒక కీడూ ఉంది. ట్యూబులైటు కింద షాఫ్టును కొలిచేటప్పుడు లేజరు కోసం దానికి అంటించిన స్టిక్కరు సరిగ్గా మెరవకపోతే మీటరు షాఫ్టును వదిలేసి దీపాన్ని చదువుతుంది. 6000 వచ్చిందంటే నేను ఇప్పటికీ ముందు పైకే చూస్తాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మూడో ఏడు, వేసవిలో ఒక రాత్రి. కరెంటు పోయి ఒక రైతు చెరువు మీద ఏరేటర్లు జనరేటర్‌తో నడుస్తున్నాయి. ఆ జనరేటర్ ప్యానెల్‌లో ఫ్రీక్వెన్సీ మీటరు పనిచేయడం లేదు. అవతలి గట్టు మీద నేను ఒక స్టార్టరు చూస్తూ, జనరేటర్ దగ్గర నా మీటరుతో ఉన్న కుర్రాడికి ఫోనులో "యాభై మీద పెట్టు తమ్ముడూ" అన్నాను. సంచిలో ఒత్తుకుపోయి మీటరు హెర్ట్జ్‌లో ఉందన్న సంగతి నాకు తెలియదు. ఆపేసినప్పుడు ఏ ప్రమాణంలో ఉంటే మళ్లీ అందులోనే తెరుచుకోవడం దీని అలవాటు.

కుర్రాడు ఫ్లైవీల్ మీద స్టిక్కరు అంటించి లేజరు పెట్టాడు. 25.0 హెర్ట్జ్ వచ్చింది. నేను చెప్పింది యాభై, వచ్చింది అందులో సగం. వాడికి తోచింది వాడు చేశాడు. ఇంజన్ వేగాన్ని పెంచి తగ్గించే గవర్నర్ స్క్రూ పట్టుకుని నెమ్మదిగా పెంచుతూ పోయాడు.

నాకు మొదట తేడా వినిపించింది ఇంజన్ గొంతులో. ఆ తర్వాత చెరువులో నీళ్లు ఎగజిమ్మే తీరు మారింది. వోల్టేజిని ఏవీఆర్ (దాన్ని నిలకడగా ఉంచే పరికరం) పట్టి ఉంచడంతో గట్టు మీద దీపాల వెలుగులో ఏ మార్పూ లేదు. ఉండి ఉంటే ముందే కనిపెట్టేవాణ్ని. నేను పరుగెత్తుకుని వచ్చేలోపే ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు ఏరేటర్లు ఓవర్‌లోడ్ రిలే (భారం మితిమీరితే మోటారును ఆపేసేది) కొట్టి ఆగిపోయాయి. వచ్చి మీటరు చూస్తే 29.

ఆ 29 హెర్ట్జ్ అంటే ఏమిటో చెప్పాలి. అది కరెంటు ఫ్రీక్వెన్సీ కాదు, ఇంజన్ సెకనుకు తిరిగే చుట్లు. మీటరు చేసేది ఆర్‌పీఎంను అరవైతో భాగించడం ఒక్కటే. నాలుగు పోల్‌ల ఆల్టర్నేటర్‌లో (జనరేటర్‌లో కరెంటు పుట్టించే భాగంలో) ఒక చుట్టుకు కరెంటు రెండు ఆవృత్తాలు పూర్తిచేస్తుంది. అంటే ఇంజన్ 1740 చుట్లు తిరుగుతుంటే ఏరేటర్లకు వెళ్లేది 58 హెర్ట్జ్. వేగం పదహారు శాతం పెరిగింది. నీటిని తోసే యంత్రాల మీద భారం దాదాపు వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి మోటారు మీద పడింది ఒకటిన్నర రెట్లకు పైనే. రిలేలు కొట్టడమే నయమైంది, లేకపోతే వైండింగులు కాలిపోయేవి.

స్క్రూ వెనక్కి తిప్పి 25.0కు తెచ్చి, ఏరేటర్లను ఒక్కొక్కటిగా మళ్లీ నడిపించేసరికి పది నిమిషాలకు పైగా పట్టింది. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు ఎంతగా పడిపోతుందో రొయ్యలు పెంచేవాళ్లకు వేరే చెప్పాలా? ఆ పది నిమిషాలూ రైతు గట్టు మీద టార్చి పట్టుకుని నీటి అంచు వెంట నడుస్తూనే ఉన్నాడు, రొయ్యలు పైకి తేలుతున్నాయేమోనని. నష్టం జరగలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ టార్చి వెలుగు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

కుర్రాడి తప్పు ఇందులో ఏమీ లేదు. "అన్నయ్యా, తెర మీద హెర్ట్జ్ అనే ఉంది కదా" అని వాడడిగితే నా దగ్గర జవాబు లేదు. జనరేటర్ ప్యానెల్ మీదా అదే మాట, మీటరు మీదా అదే మాట. సెకనుకు చుట్లు అని రాసి ఉంటే ఆ రాత్రి అలా జరిగేది కాదు. మీటరుకు ఎన్ని పోల్‌లో తెలియదు, తెలుసుకునే వీలూ లేదు. ఆ లెక్క చేయవలసింది కొలిచే మనిషే. లెక్కలతో పనే లేదని చెప్పినవాళ్లందరికీ తర్వాత ఈ ఒక్క లెక్క తప్పదని మళ్లీ చెప్పి వచ్చాను.

ఇప్పుడు మీటరు వెనక తెల్ల టేపు మీద రాసి ఉంచాను: 2 పోల్ అయితే చూపిందే, 4 అయితే రెండింతలు, 6 అయితే మూడింతలు. బటన్ చుట్టూ రబ్బరు వాషరు అంటించాను, సంచిలో ఒత్తుకోకుండా. జనరేటర్ దగ్గర ఇప్పుడు ఎవరికి చెప్పినా "పదిహేను వందలు" అనే చెబుతాను, "యాభై" అనను.

చిన్న లోపాలు కొన్ని ఉన్నాయి. ఎండలో చెరువు గట్టు మీద చేతి నీడ పెట్టకపోతే లేజరు పట్టదు. వేగాన్ని రేడియన్లలో చూపించదు. టార్కు (తిప్పే బలం) కావాలంటే కిలోవాట్లను 9550తో హెచ్చవేసి ఆర్‌పీఎంతో భాగించడం నాకు అలవాటే కాబట్టి అది పెద్ద లోటనిపించలేదు.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను, ఎందుకంటే మోటార్ల స్లిప్పు చూడటం నాకు రోజూ ఉండే పని, దానికి ఇంత సుఖమైనది నా చేతికి ఇంకోటి తగల్లేదు. లేతు మెషీన్లు, ఫ్యాన్లు మాత్రమే చూసేవాళ్లకు ఈ గొడవే ఉండదు. జనరేటర్ల మీద పనిచేస్తూ మీటరును ఇంకొకరి చేతికి ఇచ్చేవాళ్లు మాత్రం, ఆర్‌పీఎం తప్ప మరేదీ చూపించని చౌక మీటరు ఒకటి దొరికితే ముందు అది చూడండి.